ప్రశ్నలో ఒక్క మాట మారితే

భూమి వేడెక్కుతోందని జనం నమ్ముతున్నారా? అడిగే మాటను బట్టి జవాబు మారిపోతుందని అమెరికాలో సర్వేలు చేసేవాళ్లు ఎప్పుడో గమనించారు.

అక్కడ గాలప్ సంస్థ 1989 నుంచే దీని గురించి మీకెంత ఆందోళన ఉందని జనాన్ని అడుగుతోంది. 2000ల మొదట్లో ఫ్రాంక్ లుంట్జ్ అనే రాజకీయ సలహాదారు రిపబ్లికన్ పార్టీ వాళ్లకు ఒక మెమో రాసిచ్చారు. ‘గ్లోబల్ వార్మింగ్’ (భూమి వేడెక్కడం) అనకండి, ‘క్లైమేట్ చేంజ్’ (వాతావరణ మార్పు) అనండి, అది అంతగా భయపెట్టదు అని. ఇక పేరులోకే రాజకీయం వచ్చేసింది.

పేరుకు అంత బలం ఉందా? మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం దీన్ని తేల్చాలని చూసింది. చీటీలేసి పంచినట్టు 2,267 మందిని రెండు భాగాలు చేశారు. గత వందేళ్లలో భూమి ఉష్ణోగ్రత పెరిగిందంటున్నారు, ఈ గ్లోబల్ వార్మింగ్ నిజమేనా అని ఒక సగాన్ని అడిగారు. రెండో సగానికి ‘పెరిగింది’ బదులు ‘మారింది’, గ్లోబల్ వార్మింగ్ బదులు క్లైమేట్ చేంజ్. మొదటి ప్రశ్నకు రిపబ్లికన్లలో నిజమే అన్నవారు 44 శాతం, రెండోదానికి 60 శాతం. వాళ్ల ప్రత్యర్థి పార్టీ డెమొక్రాట్లు మాత్రం ఎలా అడిగినా 86, 87 దగ్గరే ఉన్నారు. ‘పెరిగింది’ అంటే మొన్నటి మంచు తుపాను గుర్తొస్తుంది, ‘మారింది’ అంటే దేనికైనా సరిపోతుంది. నాకైతే సగం కిటుకు ఆ క్రియలోనే ఉందనిపిస్తుంది.

తమాషా ఏమిటంటే, 2014లో యేల్ యూనివర్సిటీ బృందం చూస్తే ‘గ్లోబల్ వార్మింగ్’ అన్నప్పుడే జనంలో ఆందోళన ఎక్కువ కనిపించింది. లుంట్జ్ లెక్క తప్పలేదన్నమాట.

మన దేశంలో చిక్కు వేరే. 2011 చివర్లో యేల్ ఇక్కడ చేయించిన సర్వేలో 41 శాతం మంది గ్లోబల్ వార్మింగ్ గురించి ఎప్పుడూ వినలేదన్నారు, లేదా తెలియదన్నారు. అదేమిటో రెండు ముక్కల్లో చెప్పి అడిగితే 72 శాతం మంది అది జరుగుతోందన్నారు. తెలియనిది పేరే కానీ, ఎండలూ ఎండిన బావులూ కాదు. అయితే ఆ రెండు ముక్కలు చెప్పాక వచ్చిన జవాబు మనిషిదా, చెప్పిన ముక్కలదా అన్న అనుమానం ఎటూ ఉంటుంది.

తెలుగులో అడగాలంటే ఇంకో మెలిక. ఈ రోజు ఎండా వానా చెప్పే వెదర్ అన్నా, ఏళ్ల తరబడి తీరు చెప్పే క్లైమేట్ అన్నా మనకు వాడుకలో వాతావరణమే. క్లైమేట్‌కు ఉన్న ‘శీతోష్ణస్థితి’ అనే మాట పాఠ్యపుస్తకం దాటి బయటికి రాలేదు. అనంతపురం జిల్లాలో ఒక రైతును ఆపి “వాతావరణంలో మార్పు వస్తోందా?” అని అడిగితే, ఆయన తలెత్తి మబ్బు వైపు చూస్తాడు.