యాసిడ్ పోస్తే ప్లాటినం దిగుతుందా? పాత క్యాటలిస్ట్ గురించి అపోహలు - వాస్తవాలు

రసాయన చర్యను వేగం చేయడానికి కార్లలో, ఫ్యాక్టరీల్లో వాడే పదార్థమే క్యాటలిస్ట్. అది పాతబడ్డాక దాంట్లోంచి లోహాలు తీసే పని నాది. అందుకని రేణిగుంట వైపు స్క్రాప్ షాపుల నుంచి తరచూ ఫోన్లొస్తాయి. ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, కన్వర్టర్ రాయి ఉంది, ఏ యాసిడ్ పోయాలి?" కన్వర్టర్ అంటే కారు పొగను శుభ్రం చేసే డబ్బా, రాయి దాని లోపల ఉండేది.

అపోహ: ఇంట్లో యాసిడ్‌తో ప్లాటినం తీయొచ్చు.

తీయలేరు. ఎవరో పంపిన వీడియో నమ్మి బకెట్ ముందు కూర్చోకండి. బంగారం పని తెలిసినవాళ్లే ఇందులో ఎక్కువ దెబ్బతింటున్నారు. బంగారాన్ని యాసిడ్‌లో కరిగించి, మళ్లీ పొడిగా అడుగుకు దించడం తెలుసు కాబట్టి ఇదీ అంతే అనుకుంటారు. కన్వర్టర్‌లో లోహం ముద్దగా ఉండదు. సిరామిక్ రాయి మీద అల్యూమినా పూత, ఆ పూతలో కంటికి కనబడని రేణువులుగా ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. ఒక కారుకు మూడూ కలిపి సాధారణంగా కొన్ని గ్రాములే. యాసిడ్‌లో అల్యూమినా కూడా కొంత కరిగి, వడకట్టడమే కష్టమవుతుంది. బంగారాన్ని కరిగించే ఘాటు యాసిడ్ల మిశ్రమం ఆక్వా రెజియాకు కూడా రోడియం సరిగా లొంగదు. బంగారాన్ని దించే కెమికల్ ప్లాటినాన్ని దించదు. నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) దాన్ని పసుపు పొడిగా దించుతుంది, కానీ ద్రావణం బాగా చిక్కగా ఉంటేనే. పైగా ఆ పసుపు పొడి దుమ్ము పీలిస్తే ఆస్తమా రావచ్చు.

డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. ప్రాణం అలా కాదు. ఆక్వా రెజియాలో కరిగించేటప్పుడు లేచే ఎర్రటి పొగ నైట్రోజన్ డయాక్సైడ్. పీల్చినప్పుడు కాస్త దగ్గొచ్చి తగ్గినట్టే ఉంటుంది. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. తిరుపతిలో నాకు బాగా తెలిసిన ఒక బంగారం పనివాడికి ఇదే జరిగింది. రాత్రిపూట వాళ్లావిడ ఏడుస్తూ ఫోన్ చేసింది: "అన్నా, ఆస్పత్రిలో ఏమని చెప్పాలి? పోలీసులకు చెప్పేస్తారా?" ఏ పొగ పీల్చాడో ఉన్నదున్నట్టు చెప్పమ్మా, డాక్టరుకు కావలసింది అదే అన్నాను. బతికాడు. ఏటా నడిచి కొండెక్కే మనిషి, ఇప్పుడు అలిపిరి మెట్ల దగ్గరే ఆయాసంతో ఆగిపోతున్నాడు.

పరిశ్రమలో రాయిని పొడి చేసి, రాగి లేదా ఇనుము కలిపి, 1500 డిగ్రీల ప్రాంతంలో కొలిమిలో కరిగిస్తారు. సిరామిక్ చిట్టెంగా పైకి తేలుతుంది, విలువైన లోహాలు ఆ రాగి లేదా ఇనుముతో కలిసి అడుగుకు దిగుతాయి. ఇది పెరట్లో అయ్యే పని కాదు.

క్యాటలిస్ట్ అంటే ప్లాటినమే అన్నది ఇంకో పుకారు. ఎరువుల ఫ్యాక్టరీ గుళికల్లో ఎక్కువగా నికెల్, సల్ఫ్యూరిక్ యాసిడ్ ప్లాంటువాటిలో వెనేడియం, రిఫైనరీలో గంధకం తీసేవాటిలో మాలిబ్డినంతో పాటు కోబాల్ట్ లేదా నికెల్ ఉంటాయి. డ్రమ్ము చూసి అప్పు చేసి కొనకండి.

వాడేసిందే కదా, ఏం కాదులే అనుకోవద్దు. రిఫైనరీ క్యాటలిస్ట్ గాలి తగిలితే దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు.

లోహాల శాతం చూపించే టెస్టింగ్ గన్ (చేతిలో పట్టుకునే ఎక్స్‌రే పరికరం) అంకె చూసి రేటు ఒప్పుకోవద్దు. అది చూసేది పెట్టిన చోటు పైపొరనే. లాటంతా పొడి చేసి, కలిపి తీసిన శాంపిల్ మీద వచ్చిన రిపోర్టే లెక్క.

ఎవరైనా కొనొచ్చు అన్నదీ తప్పే. ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఈ సరుకు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కే వెళ్లాలి, లారీ వెంట ఫారం 10 అనే రవాణా పత్రం ఉండాలి. ఇప్పటికే కొనేసి టెన్షన్ పడుతున్నవాళ్లు డ్రమ్ముల మూతలు బిగించి, తడి తగలకుండా నీడలో ఉంచండి. అనుమతి ఉన్న రీసైక్లర్ల వివరాలు తిరుపతిలోని మండలి ప్రాంతీయ కార్యాలయంలో అడగండి.