చర్చి పుస్తకంలో ఒక మతం, కుల పత్రంలో మరో మతం: ఒంగోలు మాదిగ పల్లెల నేపథ్యం

ప్రకాశం జిల్లా మాదిగ పల్లెల్లో ఒకే మనిషికి కాగితాల మీద రెండు మతాలు ఉండడం కొత్త సంగతి కాదు. ఆదివారం ప్రార్థనకు వెళ్ళే మనిషి, చర్చి పుస్తకంలో బాప్తిస్మం తేదీతో సహా పేరున్న మనిషి, తాసీల్దారు ఆఫీసు ఇచ్చే కుల ధ్రువీకరణ పత్రంలో ‘హిందూ మాదిగ’గా కనిపిస్తాడు. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం హిందువులు కానివారికి షెడ్యూల్డ్ కులాల హోదా వర్తించదు. ఆ పరిధిలోకి 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్ మాత్రమే ఉంది. ఈ రెండు మతాల వ్యవహారాన్ని మోసమనేవాళ్ళున్నారు, బతుకుతెరువనేవాళ్ళూ ఉన్నారు. అయితే ఈ తగవు 1950లో పుట్టింది కాదు. దాని వేళ్ళు 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బోధలోనూ, ఆ బోధను విన్నవాళ్ళు దాన్ని తమదిగా చేసుకున్న తీరులోనూ ఉన్నాయి.

క్లౌ కంటే ముందే ఆ అమెరికన్ బాప్టిస్టు మిషన్ తెలుగునేలకు వచ్చి చాలాకాలం చేతులు కాల్చుకుంది. 1836లో వచ్చిన శామ్యూల్ డే విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి చివరికి 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవలసి రావడంతో, 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో ఈ మిషన్‌ను మూసేద్దామా అన్న ప్రశ్న వచ్చింది. పటం మీద మిగతా మిషన్లకు దూరంగా ఒక్క చుక్కలా ఉన్న నెల్లూరును ‘ఒంటి నక్షత్రం’గా పాడుతూ శామ్యూల్ స్మిత్ ఒక గీతం రాసిన తరువాత, మూసివేత ఆలోచన వెనక్కి పోయింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు క్రైస్తవులతో కలిసి ఒంగోలు కొండ ఎక్కి, ఆ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. ఆ మిషనరీ రావడానికి పన్నెండేళ్ళు పట్టింది.

ఆ రోజుల్లో తెలుగు జిల్లాల్లో మిషనరీ బోధ అంటే చాలామంది మనసులో మెదిలేది బడి. బడి అంటే అగ్రవర్ణాల పిల్లలు. 1830లో కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్ మొదలుపెట్టిన పద్ధతి ఇదే: పైకులాలవారికి ఇంగ్లీషు చదువు చెబితే క్రైస్తవం అక్కడినుంచి కిందికి ఇంకుతుందని. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో తెరిచిన బడి ఈ తోవలోదే. 1852లో ఆ బడి విద్యార్థులిద్దరు బాప్తిస్మం తీసుకోవడంతో మిగతా పిల్లలు మానేసి బడి ఖాళీ అయింది, మళ్ళీ నిండడానికి కొంత కాలం పట్టింది. మరో పక్క 1859లో బెజవాడ ప్రాంతంలో రాఘవాపురం మాల అయిన పగోలు వెంకయ్య తనంతట తానే మిషనరీని వెతుక్కుంటూ వెళ్ళి బాప్తిస్మం తీసుకున్నాడు. మిషనరీలు పైన తలుపు తడుతుంటే కింద తలుపు తెరుచుకుంది. దీన్ని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, మిన్నెసోటాలో భూముల సర్వే పని చేసి, ఆ తరువాత చదువుకుని బోధకుడయ్యారు. సర్వే పని చేసిన సంగతి గుర్తుంచుకోవాలి, కరువుకాలంలో అదే అక్కరకొస్తుంది. 1864 నవంబరులో భార్య హారియెట్‌తో బోస్టన్‌లో ఓడ ఎక్కి 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగారు. నెల్లూరులో తెలుగు నేర్చుకుని 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న అక్కడ ఏర్పడిన సంఘంలో సభ్యులు ఎనిమిదిమంది.

ఆయన వచ్చేసరికే ఒక మాదిగ ఆయనకోసం ఎదురుచూస్తున్నాడు. ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ళ దూరంలోని తాళ్ళకొండపాడు వాసి యర్రగుంట్ల పేరయ్య తోలుపని చేసుకునేవాడు, రాజయోగం ఉపదేశం పొందినవాడు, చుట్టుపక్కల పల్లెల్లో గురువుగా పేరున్నవాడు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడని చెప్పుకునే నేలలో, చెప్పులు కుట్టే మనిషి తత్త్వం చెప్పడం వింత కాదు. ఊళ్ళోవాళ్ళకు తెలియకపోయినా మాదిగ పల్లెల్లో ఈ బోధలు రాత్రిపూట సాగుతూనే ఉండేవి. పని మీద ఉత్తర దిక్కుకు వెళ్ళిన పేరయ్య ఏలూరు, పాలకొల్లు ప్రాంతాల్లో ఉన్న మిషనరీల ద్వారా క్రైస్తవం గురించి విని, 1866లోనే జూయెట్ చేతుల మీదుగా భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. క్లౌ 1867 జనవరిలో తాళ్ళకొండపాడు వెళ్ళి చింతతోపులో డేరా వేసేటప్పటికి, పేరయ్య మాటలు విని తయారుగా ఉన్న మనుషులు చుట్టుపక్కల పల్లెలనుంచి నాలుగైదు రోజుల కూటికి సరిపడా మూటలు కట్టుకుని వచ్చారు. ఆ మకాంలో ఇరవై ఎనిమిదిమంది బాప్తిస్మం పొందారు. బోధకుడు వెళ్ళి పల్లెను వెతికాడనడం కంటే, పల్లె బోధను తెచ్చుకుని దొరను పిలిపించుకుందనడం సత్యానికి దగ్గరగా ఉంటుంది.

ఆ తొలిరోజుల్లోనే తేల్చుకోవలసిన ప్రశ్న ఎదురైంది. ఒంగోలు బ్రాహ్మణులు తమ పిల్లలకు ఇంగ్లీషు బడి పెట్టమని అడిగితే క్లౌ పెట్టారు. పిల్లలు వచ్చారు, బైబిలు పాఠానికీ అభ్యంతరం చెప్పలేదు. ఇంతలో మాదిగలు బాప్తిస్మం కోసం రాసాగారు. వీళ్ళను చేర్చుకుంటే మేము రామని పెద్దలు కచ్చితంగా చెప్పారు. నోబుల్ దారిన పోవాలంటే పేరయ్య మనుషులను ఆపాలి. క్లౌ చెప్పిన ప్రకారం, ఆయన ఒక గదిలోనూ హారియెట్ మరో గదిలోనూ ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనిపించింది: దేవుడు పిలిచినవారిలో జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశీకులు అనేకులు లేరనీ, లోకంలో నీచులైనవారిని, తృణీకరించబడినవారిని ఆయన ఏర్పరచుకున్నాడనీ చెప్పే వచనాలవి. దాన్ని ఆయన దైవసంకల్పమనుకున్నారు. చదివేవారు కాకతాళీయమనుకున్నా ఇబ్బంది లేదు, ఫలితం ఒక్కటే: మాదిగలను చేర్చుకున్నారు, బ్రాహ్మణ పిల్లలు వెళ్ళిపోయారు, బడి మూతపడింది. ఈ జిల్లాలో బాప్టిస్టు అంటే మాదిగ అన్న అర్థం స్థిరపడింది ఆనాటినుంచే.

క్లౌ వాళ్ళకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి భక్తి నియమాల్లాగే ఉంటాయి గాని, పల్లెకూ ఊరికీ మధ్య ఉన్న ఏర్పాటు మొత్తాన్ని ఇవి కదిలించాయి. రైతు బావినుంచి నీళ్ళు తోడే కపిలకు తోలు బానలు కుట్టడం, చెప్పులు ఇవ్వడం, చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిచినప్పుడు వెట్టికి రావడం మాదిగ ఇంటి బాధ్యతలు; వాటికి బదులుగా కళ్ళంలో గింజలు దక్కేవి. గొడ్డును ముట్టనంటే, అమ్మవారి ముందు డప్పు కొట్టనంటే, ఆదివారం మడిలోకి రానంటే ఆ లెక్క తెగినట్టే. కరణాలు, మునసబులు, మోతుబరులు కొట్టించడం, బావుల దగ్గరికి రానీయకపోవడం, తప్పుడు కేసులు పెట్టడం జరిగాయి. క్లౌ కలెక్టర్ల దాకా వెళ్ళి మాట్లాడేవారు. దొర అండ చూసి మతం పుచ్చుకున్నారన్న మాట పుట్టింది ఇక్కడే. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు గాని, అండ అవసరమయ్యేటంత దెబ్బలు ముందు తిన్నది ఎవరన్నది కూడా లెక్కలోకి రావాలి.

1876లో, ధాత నామ సంవత్సరంలో, వచ్చిన ధాత కరువు ఈ కథను మరో మలుపు తిప్పింది. రెండేళ్ళు వానలు లేక మద్రాసు ప్రెసిడెన్సీ అల్లాడిపోతుండగా, ప్రభుత్వం కరువు పని కింద కోస్తా వెంట కాలువ తవ్వకం చేపట్టింది. అప్పటి గవర్నరు పేరుతో అదే బకింగ్‌హాం కాలువ అయింది. సర్కారు పనుల్లో మేస్త్రీల దాష్టీకం, కూలిలో కోత మాదిగలకే ఎక్కువగా తగులుతున్నాయని చూసి, క్లౌ తానే మూడున్నర మైళ్ళ కాలువ పనిని కాంట్రాక్టుకు తీసుకున్నారు. కొలతలు, లెవెళ్ళు ఆయనకు పాత విద్యే. పల్లెల్లో బోధ చెప్పేవాళ్ళనే మేస్త్రీలుగా పెట్టారు. మధ్యాహ్నం గంపలు దించి నీడన కూర్చున్నప్పుడు వాళ్ళు ఎక్కువగా చెప్పిన వాక్యం ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి’ అన్నది. నెత్తిన మట్టిగంప మోసి వచ్చిన మనిషికి ఆ వాక్యానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. కాలువ పని ముగిసి వాళ్ళు తమ తమ పల్లెలకు పోయినప్పుడు ఆ మాట వాళ్ళతోపాటు పోయింది.

కరువున్నంతకాలం, పదిహేను నెలలపాటు, క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటికోసం వచ్చేవాళ్ళెవరో నమ్మి వచ్చేవాళ్ళెవరో తేల్చుకోలేమన్నది కారణం. సాయం చేతికందేరోజులు అయిపోయాక, 1878 జూన్ నడిమి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. జులై మొదటివారంలో ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర జనం పోగయ్యారు. ఏ పల్లెవాళ్ళను ఆ ప్రాంతపు బోధకుడే కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, గుర్తుపట్టి, పేరు రాయించాడు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నీళ్ళలో దిగారు. 3వ తేదీన గుమస్తాలు గట్టున నిలబడి పేర్లు చదువుతుంటే, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నదిలో నిలబడి, పొద్దుటినుంచి సాయంత్రందాకా, మధ్యాహ్నం కాస్త విరామంతో, ముంచి లేపారు. ఆ రోజు క్లౌ స్వయంగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, గట్టున నిలబడి చూసుకున్నారు. ఆ మూడు రోజుల 3,536 మందినీ ముంచినవి తెలుగు చేతులే.

‘కూటి క్రైస్తవులు’ అన్న నింద అప్పుడే మొదలైంది, నేటికీ ఉంది. క్లౌ బాప్తిస్మాలు ఆపిన సంగతి ఆ నిందకు జవాబని మిషన్ వర్గాలు అంటాయి. నాకు మాత్రం ఈ వాదంలో రెండు పక్షాలూ ఒకటే పొరపాటు చేస్తున్నాయనిపిస్తుంది: కూడు వేరు, నమ్మకం వేరు, గౌరవం వేరు అని విడదీసి చూడడం కడుపు నిండినవాళ్ళకు సాధ్యమయ్యే పని. ఆ కరువులో సాటి మనిషిగా చూసి కూలి సరిగా ఇచ్చినవాడి దేవుణ్ణి నమ్మడం, ఆ మనుషుల లెక్కలో ఒకే నిర్ణయం.

ఆ నిర్ణయం తీసుకున్న తీరులోనే నేటి చిక్కు దాగి ఉంది. మాదిగ పల్లెలో పెళ్ళి, తగవు, పండగ దేన్నయినా పెద్దలు కూర్చుని మాట్లాడుకుని తేలుస్తారు. మతం కూడా అలాగే తేలింది. క్లౌ దాన్ని చెరిపే ప్రయత్నం చేయకుండా, పల్లెపెద్దలనే సంఘపెద్దలుగా నిలిపి, వాళ్ళ బంధుత్వాల దారులవెంటే బోధకులను పంపారు. అమెరికాలో అలవాటైన సంఘం పద్ధతి, అంటే ఒక్కొక్క మనిషీ తనంతట తాను నిర్ణయించుకుని చేరే పద్ధతి, ఇక్కడ అతకదని ఆయన గట్టిగా నమ్మారు. ఈ విషయంలో సాటి మిషనరీలతో ఆయనకు పడలేదు కూడా. బోధకుల శిక్షణకు రామాపట్నంలో సెమినరీ నడిచింది. ఒంగోలులో 1880లో హైస్కూలు, 1894లో కాలేజీ వచ్చాయి. ఒకప్పుడు బడి ఖాళీ చేసి వెళ్ళిన కులాల పిల్లలు ఆ బెంచీల మీద మళ్ళీ కూర్చున్నారు. క్లౌ 1910 నవంబరులో అమెరికాలోని రోచెస్టర్‌లో కన్నుమూశారు.

పల్లె పల్లెగా మారినప్పుడు కులం కూడా అలాగే, చెక్కుచెదరకుండా, చర్చిలోకి నడిచివచ్చింది. పెళ్ళిసంబంధాలు మారలేదు, ఇళ్ళు మారలేదు, ఊళ్ళో టీ గ్లాసు దగ్గర చూపు మారలేదు. చట్టం మాత్రం మతం మార్పును ఒక మనిషి సొంతంగా చేసిన ఎంపికగానే చూస్తుంది. 1985లో, ఆ రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాను సవాలు చేసిన సూసై కేసులో సుప్రీంకోర్టు, హిందూ సమాజంలోని వెనుకబాటు క్రైస్తవంలోకి మారాక కూడా అంతే తీవ్రంగా కొనసాగుతోందని చూపించాలని కోరింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరా తీసేయాలని సిఫారసు చేసింది. 2022లో కేంద్రం ఇదే అంశంపై జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. 2025లో రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టరుగా ఉన్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని ఒక కేసులో చెప్పింది.

ఈలోగా ఒంగోలు చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా బాప్టిస్టు చర్చి చాలా చోట్ల ఊరి నడుమ కాదు, మాదిగ పల్లెలోనే కనిపిస్తుంది. గుంటూరు వైపు పోతే లూథరన్ చర్చి మాలపల్లెలో ఉంటుంది. దారి అడిగితే ఊరివాళ్ళు సంఘం పేరు చెప్పరు, ‘మాదిగోళ్ళ చర్చా, మాలోళ్ళ చర్చా?’ అని ఎదురు అడుగుతారు.