ఎగతాళిగా పుట్టిన జబ్బు పేరు

1995లో ఐవాన్ గోల్డ్‌బర్గ్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు ‘ఇంటర్నెట్ అడిక్షన్ డిజార్డర్’ అని ఒక జబ్బును కల్పించి, దాని లక్షణాలు రాసి ఆన్‌లైన్‌లో పెట్టారు. టైప్ చేస్తున్నట్టు వేళ్లు వాటంతటవే కదలడం కూడా అందులో ఒకటి. ప్రతి అలవాటునూ రోగం కింద జమకట్టే వైద్య గ్రంథాల మీద వేసిన జోక్ అది. చదివినవాళ్లలో కొందరు మాత్రం నవ్వలేదు, తమకూ అదే జబ్బు ఉందన్నారు! మరుసటి ఏడాదికల్లా కింబర్లీ యంగ్ అనే సైకాలజిస్టు, జూద వ్యసనాన్ని గుర్తించే ప్రమాణాలనే కొంచెం మార్చి ఇంటర్నెట్ వాడకానికి వర్తింపజేశారు.

చిక్కు పేరులోనే ఉంది. ఇంటర్నెట్ ఒక దారి మాత్రమే. ఆ దారిన ఒకరు పేకాటకు వెళ్తారు, ఒకరు షాపింగ్‌కి, మరొకరు అశ్లీల వీడియోలకు. ముగ్గురిదీ ఒకటే జబ్బు అనడం, తాగుబోతుకు సీసా వ్యసనం ఉందన్నట్టే.

వైద్య సంస్థలు అందుకే ఆచితూచి అడుగేశాయి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ఆన్‌లైన్ గేమింగ్‌ను ‘ఇంకా పరిశోధన కావాలి’ అనే విభాగంలో పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను రోగాల జాబితాలోకే ఎక్కించింది. ఆ జాబితా 2022 నుంచి అమల్లో ఉంది. అందులో గంటల లెక్క లేదు. ఆట మీద అదుపు తప్పిందా, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోయాయా, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోతున్నారా అనే చూస్తారు. అదీ మామూలుగా కనీసం 12 నెలలు సాగాలి, బతుకు గట్టిగా దెబ్బతినాలి. సెలవుల్లో తెల్లార్లూ ఆడినంత మాత్రాన రోగి అయిపోరు.

ప్రశ్నావళులతో ఇంకో తిప్పలు. సోషల్ మీడియా వ్యసనాన్ని కొలిచే ప్రశ్నల్లో ఆ మాట తీసేసి ‘స్నేహితులతో గడపడం’ అని మార్చి కొందరు పరిశోధకులు అడిగి చూశారు. జవాబిచ్చినవారిలో ఎక్కువమంది స్నేహితులకు బానిసలుగా తేలారు! నాకైతే ఈ ప్రయోగం గోల్డ్‌బర్గ్ జోక్‌కు తమ్ముడిలా అనిపిస్తుంది.

ఇప్పుడు చాలామంది పరిశోధకులు ‘సమస్యాత్మక ఇంటర్నెట్ వాడకం’ అంటున్నారు. చప్పటి పేరే గానీ, ముందే రోగమని ముద్ర వేయదు. డిప్రెషన్‌లో ఉన్న మనిషి రాత్రంతా ఫోన్ చూస్తున్నాడనుకోండి. ఫోన్ వల్ల కుంగిపోయాడా, కుంగుబాటు నుంచి తప్పించుకోడానికి ఫోన్ పట్టుకున్నాడా? వ్యసనం అని పేరు పెట్టేస్తే ఆ రెండో ప్రశ్న ఎవరూ అడగరు.