బాణం గుర్తు రాకముందు దారి ఎలా తెలిసేది?

ఓపెన్ వరల్డ్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లంటే, ఒక పాత్రగా మారి పెద్ద ప్రపంచంలో ఇష్టమొచ్చినట్టు తిరిగే వీడియో గేమ్‌లు. వాటి మీద ఎప్పుడూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. ప్రపంచం ఎంత పెద్దదైనా, ఆడేవాళ్ల కళ్లు మాత్రం దారి చూపించే గుర్తు మీదే ఉంటాయని. ఈ ఫిర్యాదు వెనక పెద్ద కథే ఉంది.

ఎటైనా వెళ్లే స్వేచ్ఛ 1981లో రిచర్డ్ గారియట్ చేసిన అల్టిమాలోనే ఉంది. 1992లో అల్టిమా 7 వచ్చేసరికి ఆ ప్రపంచానికి ప్రాణం వచ్చింది. ఊళ్లోవాళ్లు పగలు పనులు చూసుకుని రాత్రికి పడుకుంటారు. పిండి బల్ల మీద పోసి, బకెట్‌లో నీళ్లు కలిపి, ఆ ముద్దని ఓవెన్‌లో పెడితే రొట్టె తయారవుతుంది. ముఖ్య కథకి ఆ రొట్టెతో పనేమీ లేదు. ఈ తరహా ఆటల అసలు బలం అక్కడే ఉందని నా నమ్మకం.

1996లో బెథెస్డా సంస్థ చేసిన డాగర్‌ఫాల్ సైజు మీద పడింది. ఊళ్లు, గుహలు కలిపి దాదాపు 15,000. చాలావరకు కంప్యూటర్ అల్లినవే కాబట్టి నాలుగు చూస్తే అన్నీ చూసినట్టే. అందుకే 2002లో అదే సంస్థ మారోవిండ్‌ని ఒక్క దీవికి కుదించి, చేత్తో కట్టింది.

మారోవిండ్‌లో దారి మనుషులే చెబుతారు. మూన్‌మాత్ కోట దాటి వెళ్లు, పాత వంతెన వస్తుంది, అవతల పైపుకున్న పిడి తిప్పితే శిథిలాల తలుపు తెరుచుకుంటుంది. ఇలా ఉంటాయి మాటలు. వంతెన కనబడగానే కలిగే సంతోషం మన సొంతం. ఇబ్బందులూ తక్కువేం కాదు. డైరీలో అన్ని పనులూ తేదీల వరసలో కలగాపులగంగా ఉండేవి. ఒక్క మాట వెతకడానికి పేజీలకు పేజీలు తిప్పాల్సి వచ్చేది.

2006లో అదే సంస్థ నుంచి వచ్చిన ఆబ్లివియన్‌లో మాటలన్నీ గొంతుతో రికార్డు చేశారు. పొడుగాటి దారి వివరాలు అలా రికార్డు చేయడం కష్టం. ఆ లోటుని దిక్సూచి మీది గుర్తు తీర్చింది. 2011లో వాళ్లదే అయిన స్కైరిమ్ కూడా ఆ బాటే పట్టింది. గుర్తు ఆపేసి ఆడుకోవచ్చు కదా అంటారు కొందరు. ఎలా ఆడతాం? దారి చెప్పే మాటలే ఆటలో లేనప్పుడు?

ఆబ్లివియన్‌లోనే ఇంకో తప్పు జరిగింది. మన లెవెల్, అంటే బలం స్థాయి, పెరిగేకొద్దీ శత్రువుల బలమూ పెరుగుతుంది. చివరికి ఖరీదైన గ్లాస్ కవచం తొడుక్కున్న దారిదోపిడీ దొంగ వంద నాణేలు ఇమ్మని అడ్డం నిలబడతాడు. ఆ కవచం అమ్ముకుంటే వాడికి దొంగతనం అవసరమే ఉండదు! బలపడ్డామన్న తృప్తి అక్కడే పోతుంది.

2015లో వచ్చిన విచర్ 3 రాతలో అందరినీ మించింది. బ్లడీ బారన్ అనే పాత్ర కథలో ఏ దారి ఎంచుకున్నా మనసు బరువెక్కుతుంది. అదే ఆటలో స్కెలిగే దీవుల చుట్టూ సముద్రం నిండా, మ్యాప్ మీద, ప్రశ్నార్థకం గుర్తులు. పడవేసుకుని వెళ్తే దొరికేది మళ్లీ మళ్లీ అవే దొంగసరుకు మూటలు. కనబడకుండా పోయిన సిరి (కథానాయకుడి పెంపుడు కూతురు) కోసం ఒక పక్క టెన్షన్, ఇంకో పక్క తీరిగ్గా పేకాట.

2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ పనుల జాబితానే తీసేసింది. దారిలో కలిసినవాళ్లు మళ్లీ ఎక్కడుంటారో తెలియక చాలామంది తికమకపడ్డారు. నెల తిరక్కముందే వచ్చిన అప్‌డేట్ ఆ మనుషుల పేర్లని మ్యాప్ మీదకి ఎక్కించింది. వాళ్ల కోసం ఏం చేయాలో మాత్రం ఇప్పటికీ వాళ్ల మాటల్లోనే వెతుక్కోవాలి.