తగవంతా ‘వరకు’ దగ్గరే

మెయింటెనెన్స్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ అనే మెసేజ్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ తిరుగుతోంది. కొత్త పన్నేదో వేశారని కొందరు, పుకారని కొందరు. రెండూ కాదు. అసోసియేషన్లను జీఎస్టీకి ముందున్న సర్వీస్ ట్యాక్స్ కిందికి తెచ్చి ఇరవై ఏళ్ళవుతోంది. ఆ పాత పురాణం అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. గొడవంతా ఒక్క మాట చుట్టూ ఉంది.

2012 నాటి సర్వీస్ ట్యాక్స్ నోటిఫికేషన్‌లో ఇళ్ళ సొసైటీలకు ఒక మినహాయింపు ఉండేది. ఉమ్మడి అవసరాల కోసం ఒక్కో సభ్యుడు నెలకు కట్టే వాటాలో 5,000 రూపాయల వరకు పన్ను లేదు. ఆ ‘వరకు’ చదివిన ఎవరైనా ఏమనుకుంటారు? నెలకు ఆరు వేలు కట్టేవాడికి పైనున్న వెయ్యి మీదే పన్ను పడుతుందనుకుంటారు. 2014 జనవరి 10న కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన సర్క్యులర్ ఆ లెక్కను తిరగేసింది. 5,000 దాటిన సభ్యుడికి మినహాయింపే వర్తించదు, మొత్తం ఆరు వేల మీదా కట్టాల్సిందే అంది. నన్నడిగితే కథ మలుపు తిరిగింది ఇక్కడ. అందరూ జీఎస్టీని తిడతారు గానీ, అది వచ్చేనాటికే మెలిక పడిపోయింది.

2018 జనవరిలో పరిమితిని 7,500కు పెంచారు. మెలిక మాత్రం విప్పలేదు. 2019 జులై 22 నాటి సర్క్యులర్ ఉదాహరణతో సహా తేల్చేసింది: నెలకు 9,000 వసూలు చేస్తే పన్ను 1,500 మీద కాదు, 9,000 మీద.

హైదరాబాద్ లెక్కలో చూద్దాం. చదరపు అడుగుకు 3 రూపాయల చొప్పున వసూలు చేసే గేటెడ్ కమ్యూనిటీ అనుకోండి. 2,500 అడుగుల ఫ్లాట్‌కు బిల్లు సరిగ్గా 7,500. పన్ను సున్నా. అదే ఫ్లోర్‌లో ఎదురు ఫ్లాట్ 2,600 అడుగులు. బిల్లు 7,800, దాని మీద జీఎస్టీ 1,404, మొత్తం 9,204. అదే లిఫ్టు, అదే వాచ్‌మన్, అదే ట్యాంకర్ నీళ్ళు. వంద అడుగుల తేడాకు నెలకు 1,704 రూపాయలు. పైనున్న 300 మీదే పన్ను వేసి ఉంటే 54 రూపాయలతో పోయేది. ఈ కాగితం పట్టుకుని ఆ ఇంటాయన జనరల్ బాడీ మీటింగ్‌లో లేచి నిలబడితే ట్రెజరర్ ఏం చెబుతాడు?

ప్రభుత్వం వైపు వాదన లేకపోలేదు. మినహాయింపు చిన్న ఇళ్ళవాళ్ళ కోసం, పెద్ద క్లబ్‌హౌస్‌ల కోసం కాదు. అసోసియేషన్ టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటకపోతే, నెలకు 7,500 మించి తీసుకున్నా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఒకరికి రెండు ఫ్లాట్లుంటే పరిమితిని విడివిడిగా చూస్తారు. రిజిస్టరైతే జనరేటర్, పంపులు, పైపులు, రిపేర్ల మీద కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ దొరుకుతుంది, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలో దాన్ని తగ్గించుకోవచ్చు. ఈ చివరి మాట నిజమే. కానీ సెక్యూరిటీ ఏజెన్సీ, లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) బిల్లుల్లో జీఎస్టీ ముందే కలిసి ఉంటుంది. అంటే ‘పన్ను లేని’ ఫ్లాట్ యజమాని కూడా దాన్ని తన వాటాగా మోస్తూనే ఉన్నాడు.

2021 జులైలో మద్రాస్ హైకోర్టు ఆ ‘వరకు’నే పట్టుకుంది. 7,500 దాటిన మేరకే పన్ను అని చెప్పి, సర్క్యులర్ వ్యాఖ్యానాన్ని కొట్టేసింది. మామూలు పాఠకుడు చదివినట్టే కోర్టూ చదివిందన్నమాట. కాకపోతే అది మన రెండు రాష్ట్రాల హైకోర్టు కాదు. ఇక్కడి ఆడిటర్లు చాలామంది ‘ఎందుకొచ్చిన గొడవ సార్’ అని మొత్తం మీదే కట్టించేస్తారు.

ఇంకో మూల ప్రశ్న కూడా ఉంది. మన డబ్బులు మనమే పోగేసుకుని మన మెట్లు మనమే ఊడ్పించుకుంటే అందులో అమ్మిందెవరు, కొన్నదెవరు? కలకత్తా క్లబ్ కేసులో 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు సభ్యుడూ క్లబ్బూ వేరు కాదన్న సూత్రాన్ని నిలబెట్టింది. దానికి విరుగుడుగా కేంద్రం 2021 ఫైనాన్స్ చట్టంలో సంఘం వేరు, సభ్యులు వేరు అనే కొత్త క్లాజు చేర్చి, జీఎస్టీ మొదలైన 2017 జులై నుంచే వర్తిస్తుందంది. ఆ క్లాజు రాజ్యాంగ విరుద్ధమని 2025 ఏప్రిల్‌లో కేరళ హైకోర్టు చెప్పింది. అది డాక్టర్ల సంఘం వేసిన కేసు, అపార్ట్‌మెంట్లది కాదు. అయినా గ్రూపుల్లో ‘జీఎస్టీ పోయింది’ అన్న ఫార్వర్డ్‌కు అది చాలింది.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ స్లాబులు మారాయి. 7,500 జోలికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. 2018లో వాచ్‌మన్ ఎంతకు దొరికేవాడో, డీజిల్ ఎంత ఉండేదో సెక్రటరీలను అడగండి.

అందుకే కమిటీలు బడ్జెట్‌ను ఖర్చు వైపు నుంచి కాక 7,500 వైపు నుంచి వేస్తున్నాయి. బిల్లు 7,450 దగ్గర ఆగుతుంది. ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) మోటారు వచ్చే ఏడాదికి, పెయింటింగ్ ఆ పై ఏడాదికి వాయిదా పడతాయి. లిఫ్టు రోప్ మార్చడం మాత్రం ఆగదు కదా, ఫ్లాట్‌కు 4,000 ‘స్పెషల్ కలెక్షన్’ అని విడిగా రసీదు రాస్తారు. ఆ 4,000 ఆ నెల బిల్లుతో కలుస్తుందా, కలవదా? ఈసారి జనరల్ బాడీల్లో మైకు లాక్కునేది దాని మీదే.