ఆల్కో డీజిల్ లోకోల మీద మక్కువ: ఆలస్యం ఎందుకైంది, ఫొటోల్లో ఏం మిగలాలి

ఏదైనా బండికి ఆల్కో లోకో (అమెరికా కంపెనీ ఆల్కో డిజైన్‌తో వచ్చిన పాత డీజిల్ ఇంజన్) తగిలించారని తెలిస్తే చాలు, ఇప్పుడు కెమెరాలతో జనం వాలిపోతున్నారు. నలభై ఏళ్ల కిందట అదే ఇంజన్ దేశంలో ఏ జంక్షన్‌లో చూసినా కనిపించేది. అప్పట్లో దాన్ని పనిగట్టుకుని ఫొటో తీసినవాళ్లు బహు తక్కువ. రైళ్ల మీద ప్రేమున్నవాళ్ల ఫిల్మంతా ఆవిరి ఇంజన్లకే ఖర్చయ్యేది. వాటిని పక్కకు నెట్టింది డీజిలే కాబట్టి దాని మీద కాస్త కోపం కూడా ఉండేది. బ్రాడ్‌గేజ్‌లో ఆవిరి 1995లో ముగిసింది. డీజిల్‌ వైపు చూపు మళ్లింది ఆ తర్వాతే.

అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి డబ్ల్యూడీఎం-1 లోకోలు 1950ల చివర్లో దిగుమతయ్యాయి. 1962లో డబ్ల్యూడీఎం-2 వచ్చింది. 16 సిలిండర్ల 251బీ ఇంజన్, 2,600 హార్స్‌పవర్. ఆల్కోతో కుదిరిన సాంకేతిక ఒప్పందంతో 1964 నుంచి వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లోనే వీటి తయారీ మొదలైంది. 1969లో అసలు కంపెనీ మూతపడినా వారణాసిలో ఉత్పత్తి ఆగలేదు. డబ్ల్యూడీఎం-2లు ఒక్కటే రెండున్నర వేలకు పైగా తయారయ్యాయి. 1990లలో అదే డిజైన్ 3,100 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-3ఏగా ఎదిగింది.

అందరికీ గుర్తుండిపోయింది మాత్రం ఆ నల్లటి పొగే. ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బోచార్జర్ తిరిగేది ఇంజన్ వదిలే వాయువుల బలంతో. లోకో పైలట్ నాచ్ (ఇంజన్ శక్తిని మెట్లుమెట్లుగా పెంచే మీట స్థానం) పెంచగానే ఇంధనం వెంటనే ఎక్కువగా వెళుతుంది. టర్బో వేగం అందుకుని సరిపడా గాలి పంపడానికి మాత్రం కొన్ని క్షణాలు పడుతుంది. ఆ వ్యవధిలో పూర్తిగా కాలని ఇంధనమే మసిగా బయటికొస్తుంది. అన్నిటికన్నా పైదైన ఎనిమిదో నాచ్‌లో స్థిరంగా లాగుతున్నప్పుడు కూడా దట్టంగా నల్లపొగ వదులుతోందంటే ఇంజెక్టర్లో, టర్బోలో, ఎయిర్ ఫిల్టర్లో ఏదో తేడా ఉన్నట్టే.

కాబట్టి పొగ కావాలంటే బండి బయలుదేరే చోటు చూసుకోవాలి: స్టేషన్ నుంచి బయలుదేరడానికి అనుమతిచ్చే స్టార్టర్ సిగ్నల్ దాటాక నాచ్‌లు ఒక్కొక్కటిగా పెరిగే రెండు మూడు వందల మీటర్లు, లేదా ఎక్కుడు. క్యాజిల్‌రాక్, కులెం మధ్య బ్రగాంజా ఘాట్ ఎక్కుడు 37కి 1, అంటే 37 మీటర్లు వెళ్తే ఒక మీటరు ఎత్తు. ఆల్కోల ఫొటోలకు అంత పేరు రావడానికి అదొక కారణం. గాలి మీ వైపు నుంచి ట్రాక్ మీదికి వీచాలి. ఎదురుగాలైతే పొగ మీ వైపే వాలి పెట్టెలన్నీ కప్పేస్తుంది. ఎదురొచ్చే బండికి షట్టర్ 1/500 సెకను చాలు, పక్క నుంచి దగ్గరగా తీస్తే 1/1000 కావాలి. నల్ల లోకో, నల్ల పొగ ఫ్రేమ్ నిండా ఉంటే కెమెరా మీటర్ మోసపోయి ఆకాశాన్ని తెల్లగా కాల్చేస్తుంది. ఎక్స్‌పోజర్ అరస్టాప్ తగ్గిస్తే ఆకాశం నిలబడుతుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే ఇంజన్ పక్కగా నడిచే దారి, అంటే ఫుట్‌ప్లేట్ నీడలో బోగీ (పెట్టె కాదు, లోకో కింద చక్రాలుండే చట్రం) మొత్తం నల్లటి ముద్దవుతుంది. పొద్దున్నే పడే ఏటవాలు వెలుగులోనే హుడ్ (ఇంజన్‌ను కప్పే పెట్టె) తలుపులు, వాటి గడియలు విడివిడిగా కనిపిస్తాయి.

పొగ ఫొటోలు ఇప్పటికే కుప్పలుగా ఉన్నాయి. కొరత మిగతావాటికి. లోకోలను నిలిపి మరమ్మతు చేసే ప్రతి షెడ్డుకూ తనదైన రంగులుండేవి, గుత్తి, కాజీపేట, మౌలాలి, విశాఖపట్నం షెడ్ల పేర్లు లోకోల ఒంటి మీదే రాసి ఉండేవి. ఆ రంగులు ఏ ఏడాది ఎలా మారాయో చూపే ఫొటోలు దొరకడం కష్టం. నంబర్ చివర ‘ఆర్’ అక్షరం ఉంటే పటియాలాలో పునర్నిర్మించిన లోకో అని అర్థం. షార్ట్ హుడ్ (క్యాబిన్‌కు ఒక పక్కనుండే పొట్టి భాగం) ఎత్తు తగ్గించి, ముందు అద్దాలు పెద్దవి పెట్టిన కొద్దిపాటి లోకోలను జంబో అనేవారు. డబ్ల్యూడీఎం-2 బోగీలో మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు. పక్క నుంచి తీసిన ఫొటోలో తప్ప అది తెలియదు. నంబర్, షెడ్ పేరు, చివరి పీఓహెచ్ (నిర్ణీత కాలానికి చేసే పూర్తి మరమ్మతు) తేదీ, తయారీదారు వివరాలుండే బిల్డర్ ప్లేట్: ఈ నాలుగూ చదవగలిగేలా తీసిన సాదా ఫొటో, పొగ నిండిన పది ఫొటోల కన్నా విలువైందని మా నమ్మకం.

1999లో జనరల్ మోటార్స్ డిజైన్ లోకోలు రావడంతో ఆల్కోలకు మొదటి దెబ్బ తగిలింది. 4,000 హార్స్‌పవర్, పొగ తక్కువ. అసలు దెబ్బ విద్యుదీకరణది. డీజిల్‌కు కంచుకోటలా ఉన్న కొంకణ్ మార్గంలో కూడా 2022లో తీగలు పూర్తయ్యాయి. డీజిల్ లోకోకు లెక్కగట్టిన ఆయుష్షు 36 ఏళ్లు. అది నిండకుండానే చాలా ఆల్కోలు తుక్కుకు వెళ్లాయి, మిగిలినవి ఎక్కువగా యార్డుల్లో పెట్టెలను అటూ ఇటూ మార్చే షంటింగ్‌కు పరిమితమయ్యాయి.

యార్డులో కనిపించింది కదా అని పట్టాలు దాటి లోపలికి వెళ్లకూడదు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైన 25,000 వోల్టుల తీగ ఉన్నచోట మోనోపాడ్, సెల్ఫీ స్టిక్ పైకెత్తొద్దు. తగలకపోయినా, రెండు మీటర్ల లోపు చేరితేనే ప్రమాదం. ఎదురొచ్చే బండి మీద ఫ్లాష్ అసలే వేయొద్దు. లోకో పైలట్ సిగ్నల్ చూడాల్సిన క్షణం అదే కావచ్చు. ప్లాట్‌ఫామ్ చివర, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి, లెవెల్ క్రాసింగ్ గేటు బయట, ఈ మూడు చోట్ల నుంచి పైన చెప్పిన వివరాలన్నీ 200 ఎంఎం లెన్స్‌కు అందుతాయి.