అపోహలు - వాస్తవాలు: చిన్న టర్బో ఇంజన్‌ని 'జాగ్రత్తగా' నడిపి పాడు చేసుకోకండి

సంక్రాంతి వెళ్లిన వారం మా షెడ్డు ముందు నిలబడితే చాలు, ఊళ్లో కార్ల గురించి ఏ పుకారు తిరుగుతోందో తెలిసిపోతుంది. ఈసారి వచ్చినవాళ్లంతా ఒకటే అడిగారు. "ఈ చిన్న టర్బోలు లక్ష కిలోమీటర్లు కూడా రావంటగా?" టర్బో అంటే ఇంజన్లోకి గాలిని ఒత్తి తోసే పంకా.

పాలకొల్లులో పంతొమ్మిదేళ్లుగా పెట్రోల్ ఇంజన్ల పనే చేస్తున్నాను. స్పీడు కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లు మా డెల్టాలో చాలామంది ఉన్నారు. చేపల చెరువు కలిసొచ్చిన ఏడాది ఇల్లు కట్టకుండా కారు మార్చినవాళ్లు నాకు తెలుసు. ఎనిమిది సిలిండర్ల చోట నాలుగు, నాలుగు చోట మూడు వచ్చి, పైన బ్యాటరీ కూడా కూర్చుంటుంటే వాళ్లకి దిగులుగా ఉంది. ఆ దిగులు నాకూ ఉంది. కానీ భయంలో చేస్తున్న ఒక తప్పు మాత్రం వాళ్ల జేబుకి చిల్లు పెడుతోంది.

అపోహ: చిన్న ఇంజన్ సున్నితం. టాప్ గేర్లో, తక్కువ ఆర్పీఎంలో (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) నడిపితే ఎక్కువ కాలం వస్తుంది.

కాదు. నా దగ్గరికి పిస్టన్ విరిగి వచ్చిన చిన్న టర్బోల్లో ఎక్కువ భాగం రేసింగ్ చేసినవి కావు, ఇలా ముద్దుగా నడిపినవే.

మాస్టారు ఒకాయన ఉన్నారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో, చిన్నప్పటి నుంచి మనసులో ఉన్న కోరిక తీర్చుకోవాలని, ఒక లీటర్ టర్బో ఇంజన్, మాన్యువల్ గేర్లు ఉన్న హుషారైన కారు కొన్నారు. ఒక రోజు స్టార్ట్ చేస్తే ఇంజన్ ఊగిపోతోందని తెచ్చారు. కంప్రెషన్, అంటే సిలిండర్లు గాలిని ఎంత గట్టిగా ఒత్తుతున్నాయో, కొలిచి చూస్తే రెండు సిలిండర్లు 170 పీఎస్ఐ దగ్గర ఉన్నాయి, మూడోది 60 దాటలేదు. హెడ్ దింపి పిస్టన్ బయటికి తీశాం. పై రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండే గట్టు, చిటికెన వేలి గోరంత ముక్క, ఊడిపోయి ఉంది. ఆ ముక్క బోరుని, అంటే సిలిండర్ లోపలి గోడని, పైనుంచి కిందికి గీసేసింది. మాస్టారు దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఆయ్, నేనెప్పుడూ రెండు వేలు దాటించలేదండి" అన్నారు. బిల్లు లక్షన్నర దాటింది. ఆ రోజు ఆయన మొహం నేను మర్చిపోలేదు, ఎందుకంటే ఆయన తప్పంటూ ఏమీ లేదు. తనకి తెలిసిన జాగ్రత్తంతా తీసుకున్నారు.

ఆ జాగ్రత్త ఎక్కడి నుంచి వచ్చిందో కూడా నాకు తెలుసు. మా నాన్న చెరువుల మీద ఆయిల్ ఇంజన్లు బాగు చేసేవారు. పెద్ద ఫ్లైవీల్, ఒక్క సిలిండర్, దుడ్ దుడ్ మని నెమ్మదిగా కొట్టుకుంటూ రాత్రంతా నీళ్లు తోడేది. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే ఆరోగ్యంగా ఉన్నట్టు, గట్టిగా తిరిగితే అరిగిపోతున్నట్టు మా చెవులకి అలా అలవాటైపోయింది. ఆ డీజిల్ ఇంజన్ విషయంలో అది నిజమే. దానికి స్పార్క్ ప్లగ్గే ఉండదు, ఆ వేగంలో బరువు లాగడానికే దాన్ని అంత లావుగా పోతపోశారు.

చిన్న టర్బో పెట్రోల్ సంగతి వేరు. టర్బో గాలిని ఒత్తి లోపలికి తోస్తుంది కాబట్టే లీటర్ ఇంజన్ 175 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) ఇవ్వగలుగుతోంది. టర్బో లేని పెట్రోల్ ఇంజన్ అంత ఇవ్వాలంటే దాదాపు 1.8 లీటర్లు ఉండాలి. ఆ ఒత్తిడంతా 1,500 నుంచి 2,500 ఆర్పీఎం మధ్యే మొదలైపోతుంది. పెట్రోల్‌ని నేరుగా సిలిండర్లోకి కొట్టే ఇంజన్లలో కొంత బోరు గోడకి తగిలి అక్కడి ఆయిల్‌తో కలుస్తుంది. ఆ చుక్క పైకి ఎగిరి, ప్లగ్గు మెరవకముందే అంటుకుంటే, పైకి వస్తున్న పిస్టన్ నెత్తిన సమ్మెటతో కొట్టినట్టే. ఒక్కసారి "టక్" మంటుంది, అంతే. ప్లగ్గు మెరిశాక పెట్రోల్ అడ్డదిడ్డంగా కాలి టకటకలాడే మామూలు నాకింగ్ అయితే సెన్సర్ పసిగట్టి ప్లగ్గు మెరిసే టైమింగ్ వెనక్కి లాగుతుంది. ఇది ఎప్పుడొస్తుందో చెప్పలేం, వచ్చాక ఆపడానికి టైమూ ఉండదు.

మా దగ్గర ఎత్తంటే వంతెనలే. చించినాడ వంతెన ఎక్కేటప్పుడు ముందు కొబ్బరి లారీ ఉంటుంది. మనం అయిదో గేర్లో నలభైలో ఉంటాం. గేరు తగ్గించకుండా యాక్సిలరేటర్ కిందికి తొక్కుతాం. బండి ముక్కుతుంది, స్టీరింగ్ సన్నగా వణుకుతుంది. ఆ వణుకే మీకు హెచ్చరిక. మూడో గేర్లోకి వచ్చి, 2,500 దాటించి, అప్పుడు తొక్కండి. ఇంజన్ అరిచినా ఫర్వాలేదు. ఖాళీ రోడ్డు మీద కాలు తేలిగ్గా ఉన్నప్పుడు టాప్ గేర్లో వెళ్లినా ఏమీ కాదు. తక్కువ ఆర్పీఎం, ఎక్కువ బరువు, ఈ రెండూ కలిస్తేనే ప్రమాదం.

ఇక ఆయిల్. ఈ చావు దెబ్బని తగ్గించడానికే 2018లో ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఎస్ఎన్ ప్లస్, 2020లో ఏపీఐ ఎస్పీ గ్రేడులు వచ్చాయి. ఆయిల్లోని కాల్షియం డిటర్జెంట్ దీన్ని పెంచుతుందని తేలాక దాన్ని తగ్గించి మెగ్నీషియం కలిపారు. డబ్బా వెనక ఎస్పీ అని ఉందో లేదో మీరే చూడండి. దాంతో పాటు మీ కారు పుస్తకంలో రాసిన గ్రేడు కూడా కలవాలి. "అన్నీ ఒకటేనండి, ఇది చిన్న ఇంజనే కదా" అని డ్రమ్ములోంచి పోసే చోట మాత్రం వద్దు.

ఇంకొకటి. ఇంటి నుంచి చెరువుకి నాలుగు కిలోమీటర్లు, మళ్లీ వెనక్కి. ఇంజన్ వేడెక్కేలోపు ఆపేస్తాం. కాలని పెట్రోల్ ఆయిల్లోకి దిగిపోతుంది. ఆయిల్ గేజీ తీసి చూసి "చుక్క తగ్గలేదు, ఇంకా కొంచెం పెరిగింది కూడా" అని సంతోషంగా చెప్తారు. ఆయిల్ పెరగదండీ. వేలికి రాసుకుని వాసన చూడండి, పెట్రోల్ కొడుతుంది. అలాంటి వాడకానికి పది, పదిహేను వేల కిలోమీటర్ల లెక్క పనికిరాదు, ఆరు నెలలకొకసారి మార్చండి. వారానికోసారి నరసాపురం దాకా అయినా ఒక అరగంట ఆగకుండా తిప్పండి.

పవర్ చాల్లేదని ట్యూనింగ్ బాక్సు పెట్టించేవాళ్లకి కూడా ఇదే సమాధానం. అది పెంచేది కింది ఆర్పీఎంలో ఒత్తిడినే. పైగా వారంటీ పోతుంది.

అపోహ: ఇంజన్ తగ్గితే పవర్ తగ్గుతుంది. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ 1.2 టర్బో 105 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలత) ఇచ్చేది, 2020లో దాని చోట వచ్చిన 1.0 టర్బో 110 ఇచ్చింది. ఫెరారీ 296 జీటీబీలో ఉన్నది మూడు లీటర్ల వీ6 (ఆరు సిలిండర్లు), కరెంటు మోటారుతో కలిపి 830 పీఎస్. పోర్షే 911 జీటీఎస్ హైబ్రిడ్ (ఇంజన్‌కి తోడు బ్యాటరీ, మోటారు) అయ్యాక ఇంజన్ 3.0 నుంచి 3.6 లీటర్లకి పెరిగింది కూడా. బరువు విషయంలో మాత్రం మీ బాధ నిజం. మెర్సిడెస్ ఏఎంజీ సీ63లో ఎనిమిది సిలిండర్ల వీ8 తీసి రెండు లీటర్ల నాలుగు సిలిండర్లు, మోటారు పెట్టాక 680 పీఎస్ వచ్చింది, కానీ కారు రెండు టన్నులు దాటింది. ఆ వీ8 చప్పుడు కూడా పోయింది. అది అపోహ అని నేను అనను.

అపోహ: కంపెనీలు లాభం కోసం కుట్ర చేస్తున్నాయి. పొగ నిబంధనలతో పాటు పన్ను లెక్క కూడా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1,200 సీసీ లోపు పెట్రోల్ కారుకి జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40.

అపోహ: ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) పోస్తే టర్బో పేలిపోతుంది. పేలదు. ఇథనాల్‌కి ఆక్టేన్, అంటే నాకింగ్‌ని తట్టుకునే గుణం, ఎక్కువ. మైలేజీ కొంత తగ్గుతుంది, అది నిజం. 2023కి ముందు కార్లయితే రబ్బరు పైపులు, సీళ్లు చూపించుకోండి.

అపోహ: వరద నీళ్లలో హైబ్రిడ్ కారు ముట్టుకుంటే షాక్ కొడుతుంది. 2022 జులై వరదల తర్వాత ఈ భయం బాగా పెరిగింది. హై వోల్టేజ్ లైను కారు బాడీకి కలవదు. ఎక్కడైనా లీకయితే కంప్యూటర్ కనిపెట్టి హెచ్చరిస్తుంది, బ్యాటరీ రిలేలు (లోపలి స్విచ్చులు) తెరుచుకుంటే కరెంటు బ్యాటరీలోనే ఆగిపోతుంది. నారింజ రంగు వైర్ల జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు, తెలిసిన మెకానిక్‌కి వదిలేయండి. హైబ్రిడ్ అయినా కాకపోయినా, మునిగిన కారుని "ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అనుకోకండి. సిలిండర్లోకి దిగిన నీరు పిస్టన్ ఒత్తిడికి నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. లాక్కునే రండి. బ్యాటరీకి చాలా కంపెనీలు ఎనిమిదేళ్ల వారంటీ ఇస్తున్నాయి. మీరు చూసుకోవాల్సింది దానికి గాలి వెళ్లే జాలీ. సీటు కిందో పక్కనో ఉంటుంది, వరి కోతల ధూళికి మూసుకుపోతుంది. చేపల లారీల నుంచి కారే ఉప్పు నీళ్లు కూడా ముందు ఉండే ఇంటర్‌కూలర్‌నీ (టర్బో గాలిని చల్లబరిచే జాలీ) వైర్ల కనెక్టర్లనీ తినేస్తాయి, మంచి నీళ్లతో కడగండి.

మాస్టారి కారు తయారయ్యాక బోరు రన్నింగ్-ఇన్ (కొత్త భాగాలు ఒకదానికొకటి సర్దుకోవడం) పూర్తయ్యే దాకా ఆగి, ఒక ఉదయం ఆయన పక్కన కూర్చుని చించినాడ వంతెన దాకా వెళ్లాను. ఎక్కే ముందు "మూడో గేరు మాస్టారూ" అన్నాను. ముల్లు మూడు వేలు దాటుతుంటే ఆయన కాలు వెనక్కి తీయబోయారు. వద్దన్నాను. బండి వణుకు లేకుండా సాఫీగా ఎక్కింది. వంతెన అవతల దిండి దగ్గర తిప్పుకుని వెనక్కి వచ్చేటప్పుడు నేనేమీ చెప్పలేదు. వంతెన కింద ఆయనే గేరు తగ్గించారు.